ధర్మవరానికి సెలవెప్పుడు?

పెనుకొండలో మా మ్యూజియం చాలా చిన్నది. ఒక పాత మిద్దె, నాలుగు గదులు, పనిచేసేవాళ్లం ముగ్గురం. మొదటివారు పెద్దసారు. హెడ్మాస్టరుగా రిటైరై మా కమిటీకి అధ్యక్షుడయ్యారు. గోడ గడియారం ఒక నిమిషం వెనకబడినా ఆయనకు నిద్ర పట్టదు. రెండోవారు మేడమ్. బడి పిల్లలనూ ఊళ్లోవాళ్లనూ మ్యూజియానికి రప్పించే కార్యక్రమాలు ఆమెవి. మూడోవాణ్ణి నేను. హిందూపురం చింతపండు మండీలో కాటా పక్కన నిలబడి లెక్కలు నేర్చుకున్నాను. ఏ బడి ఎప్పుడు రావాలి, ఏ గదిలో ఎంతసేపు ఉండాలి, చిత్రాన్నం ఎంతమందికి వండించాలి, ఇవన్నీ నేను చూసుకుంటాను.

నాలుగు గదుల్లో ఒకటి మగ్గం గది. అందులోని సామానంతా మేడమ్ ధర్మవరంలో ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చింది. మగ్గంలో దారాన్ని అటూ ఇటూ నడిపే పాత నాడెలు, రాట్నాలు, అరిగిపోయిన అచ్చులు. ఇచ్చిన ఆడవాళ్లందరికీ ఒకటే మాట చెప్పింది: "మీ పిల్లోళ్లకు చూపిస్తామమ్మా, అటక మీద దుమ్ము పట్టేదానికంటే మేలు కదా." తీరా చూస్తే ఆ గదికి బెంగళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్లు ఫోటోలు దిగడానికి వచ్చేవారు గానీ, ధర్మవరం వాళ్లు మాత్రం ఒక్కరూ రాలేదు.

ఒకరోజు పెద్దసారు తేల్చేశారు. "నేసేవాళ్లే చూడని మగ్గం గది మనకెందుకమ్మా? వాళ్లకోసమే ఒక్క కార్యక్రమం పెట్టి చూద్దాం. అప్పటికీ ధర్మవరం వాళ్లు రాకపోతే ఎవరి సామాను వాళ్లకు అప్పజెప్పేయ్."

మేడమ్ ముఖం చిన్నబోయింది. చేతులు పట్టుకుని అడిగి తెచ్చిన వస్తువులను మళ్లీ ఆ గుమ్మాల ముందే దించి రావాలంటే ఎవరికైనా కష్టమే.

ముగ్గురం కూర్చుని ఆదివారం ఖాయం చేశాం. బడికి సెలవు, ఆఫీసులకు సెలవు, కాబట్టి ఊరికంతా సెలవే అనుకున్నాం. ధర్మవరంలో మగ్గాలకు సెలవు ఆదివారం కాదనీ అమావాస్య అనీ మా ముగ్గురికీ తెలుసు. అయినా గోడ మీది క్యాలెండర్లో ఎర్ర అంకె కనబడగానే ముగ్గురికీ ఆ సంగతి ఒకేసారి గుర్తు లేకుండా పోయింది. ముగ్గురు బుద్ధిమంతులు కలిస్తే ఒక్కరికంటే ధీమాగా పొరబడతారని అప్పుడే గమనించాను.

ఆ ఆదివారం వరండా నిండా కుర్చీలు, గిన్నె నిండా చిత్రాన్నం. ధర్మవరం నుంచి వచ్చింది ఒకే ఒక్క అవ్వ. తన పెనిమిటి నాడెను మేడమ్‌కు ఇచ్చిన ఆమె. ప్యాసింజరు బండెక్కి ఒంటరిగా వచ్చి, ఖాళీ కుర్చీలన్నిటినీ కలియజూసి, ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చుంది.

"తక్కినోళ్లు యాడవ్వా?" అన్నాను.

"యాడేంది? మగ్గం గుంతలో ఉండారు. ఆదివారం పెట్టుకుంటే ఎవురొస్తారప్పా? నాకంటే కండ్లు ఆనవు, పని లేదు కాబట్టి వస్తి."

పెద్దసారు ముందుకు వచ్చారు. "అట్లయితే వచ్చే అమావాస్యకు పెడతాం. ఆ రోజు అందరికీ సెలవే కదా?"

"పెట్టు సామీ. బ్రమ్మాండంగా పెట్టు."

"అందరూ వస్తారా?"

"ఎట్లొస్తారు? అమావాస్య దినం పిల్లాజెల్లను ఏసుకోని ఊరు దాటుతారా ఎవురన్నా?"

పెద్దసారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. "పని రోజు రారు, సెలవు రోజు రారు. మరి ఏ రోజు పెట్టాలవ్వా?"

"మేము దాటకూడదు గానీ, మీరు ఆడికి రాకూడదని ఎవురన్నా చెప్పినారా?"

"మాకు మాత్రం అమావాస్య కాదా?"

"ముందు దినమే వచ్చి పండుకోండి. సదువుకున్నోళ్లు, ఇది గూడా నేనే చెప్పల్లా?" అని అవ్వ చిత్రాన్నం గిన్నె వైపు చూసింది. ఆ రోజు ఆమెకు కొసరి కొసరి వడ్డించాం. మిగిలింది టిఫిను డబ్బాలో కట్టిచ్చాం. అప్పటికీ గిన్నె తరగలేదు.

తరువాతి అమావాస్య వారం మధ్యలో వచ్చింది. లెక్క వేసి చూస్తే అదే మేలు. పిల్లలు బడిలోనే ఉంటారు, పెద్దలు ఇంట్లోనే ఉంటారు, మధ్యలో ఒక వీధి దూరం. ధర్మవరం నేతపేటలోని బడి హెడ్మిస్ట్రెస్ వరండా ఇస్తానన్నారు. ముందు రోజే సామాను మినీ లారీకి ఎక్కించాం. డ్రైవరు గుడిబండవైపు మనిషి. "అమావాస్య దినం బండి కదిలించమంటే డబల్ దుడ్లు ఇచ్చినా రానన్నా. ఈ పొద్దే దించేస్తా," అన్నాడు. తీసుకెళ్లవలసిన వస్తువులన్నీ నేనే దగ్గరుండి సర్దించాను. ధర్మవరంలో దించాక చూసుకుంటే, పట్టు చిలపను, అంటే దారపు చుట్టను, తొడిగి తిప్పే చట్రం పెనుకొండలోనే ఉండిపోయింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. పెద్దసారు మాత్రం, "లెక్కలో అదొక్కటే తప్పిందా, ఇంకా ఉన్నాయా?" అని అడిగారు.

మరుసటి రోజు పది గంటలకు ప్రారంభం అని బోర్డు రాశాం. పది అయింది. పిల్లలు వచ్చి చూసి వెళ్లారు. పెద్దవాళ్లు ఒక్కరూ లేరు. పదకొండు కూడా దాటింది. పెద్దసారు చేతి గడియారం చూసుకోవడం, మేడమ్ ఆయన వైపు చూడకుండా నాడెలను మళ్లీ మళ్లీ సర్దడం. చివరికి ఆయన మెల్లగా, "ఇక చాలించుకుందామమ్మా," అన్నారు. మేడమ్ తల వంచుకునే ఒక్కొక్క నాడెనూ గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చారు. అమావాస్య నాడు ఇల్లు కడిగి, తలకు పోసుకుని, మగ్గానికి పూజ చేసి టెంకాయ కొట్టాక గానీ వాళ్లు గడప దాటరు. తడి జుట్టు ముడులతో, నుదుట కుంకుమతో, చంకల్లో బిడ్డలతో వీధి వీధంతా వచ్చింది. మేడమ్ చుట్టిన గుడ్డలను వాళ్లే విప్పేశారు. కాసేపట్లో మమ్మల్ని గోడకు ఆనించేశారు.

"ఇది మా మామ నాడె!"

"మీ మామదా? ఆయప్ప నేసిందెప్పుడు, బీడీ తాగుతా అరుగు మీద కూచునింది తప్ప?"

"చూడు మేడమ్, ఈమె మాటలు!"

చిలపలోని దారాన్ని రాట్నంతో చుట్టడం పిల్లలకు చూపించమని ఎవరో అడిగారు. చట్రం లేదని నేను గొణిగాను. మొన్నటి అవ్వ పెద్దసారును ఎగాదిగా చూసింది.

"చట్రమెందుకు? ఇంత పొడుగు మనిషి నిలబడుకోని ఉండాడు. చేతులు చాపు సామీ."

ఆయన చాపారు. అవ్వ ఆ చేతులకు పట్టు చిలప తొడిగి, కొస పట్టుకుని రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. పిల్లలు మళ్లీ పరుగెత్తుకొచ్చి చుట్టూ మూగారు. పెద్దసారు చేతులు దించితే దారం చిక్కుపడుతుంది, కదిలితే తెగుతుంది. గడియారం మణికట్టు మీదే ఉంది గానీ పట్టు కింద మునిగిపోయింది.

మేడమ్ ఇదే సమయమని దగ్గరికి వెళ్లింది. "సార్, మగ్గం గది సంగతి..."

"ముందు ఈ చేతులు దించుకోనీవమ్మా."

"ఏం గది?" అంది అవ్వ, రాట్నం ఆపి.

మేడమ్ ఉన్నది ఉన్నట్లు చెప్పింది. నాడె కోసం పోట్లాడుకున్న ఇద్దరూ ఒకే వైపు నిలబడి పెద్దసారును చూశారు. అవ్వ మాత్రం తొందరపడలేదు. దారం కొస వేలికి చుట్టుకుని తీరిగ్గా కూర్చుంది.

"ఉంటుంది," అన్నారు పెద్దసారు. "గది ఎక్కడికీ పోదు."

"గెట్టిగా చెప్పు సామీ, వెనకాలోళ్లకు ఇనపడల్ల."

ఆయన బడిలో హాజరు పిలిచే గొంతుతో మళ్లీ చెప్పారు. మేడమ్ గోడ వైపు తిరిగి కొంగుతో కళ్లొత్తుకుంది. అవ్వ రాట్నం అందుకుంది. చిలప ఇంకా సగం కూడా తరగలేదు.