మైపాడు దారిలో కుంగిన జాకీ

సముద్రాన్ని చూడాలన్న కోరిక నాకు నెల్లూరు గ్రంథాలయంలో పుట్టింది. అలలు ఎందుకు లేస్తాయో, మోటారు చక్రం ఎలా విప్పాలో నేను చదువుకున్నది అక్కడి బల్లల దగ్గరే. అరవైల మొదట్లో, ఒక మాఘమాసపు ఆదివారం, ఏడింటి బస్సుకు ముప్పావలా టిక్కెట్టు కొని మైపాడు వెళ్ళాను. కడుపారా అలలు చూశాను. ఒక పాకలో చేపల పులుసుతో అన్నం తిన్నాను. రెండింటికి రావలసిన తిరుగు బస్సు మాత్రం రాలేదు.

చివరికి మస్తాన్ అనే డ్రైవరు పాత బాడుగ కారు తెచ్చాడు. తలా రూపాయిన్నర. నాతోపాటు ఎక్కింది పోలమ్మ అనే ముసలామె ఒక్కతే. ఒళ్ళో వేయించిన చేపల మూట. పటాలంలో ఉన్న కొడుకు ఆ రోజు నెల్లూరు మీదుగా మద్రాసు పోతున్నాడట. రైలు అయిదింటికి వస్తుంది, పది నిమిషాలు ఆగుతుంది.

"వాడి మొగం చూసి మూడేళ్ళయింది నాయనా" అంది.

ఉప్పు కయ్యల దగ్గర వెనక చక్రం గాలి పోయింది. అప్పుడు మూడు. స్టెప్నీలోనూ గాలి లేదు. చక్రం విప్పి అక్కడే అతికించుకోవాలి.

"ముందే అతికించుకోని ఉండొద్దా మస్తానా?"

"రేపు, రేపు అనుకుంటానే ఉన్నానక్కా."

రోడ్డు ఇరుకు. పక్కనున్న తెల్లటి నేలను కాలితో తొక్కి చూశాను. సిమెంటులా ఉంది. కారును అక్కడికి దించమన్నాను. ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టించి, చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయించాను.

"అది చవిటినేల అబ్బయా. పైన పెచ్చే గట్టి, కింద అంతా బురద" అంది పోలమ్మ.

"జాకీ కింద నేల గట్టిగా ఉండాలని పుస్తకంలోనే ఉందమ్మా. ఇది గట్టిగానే ఉందిగా!"

చక్రం ఊడి రాగానే స్టెప్నీని కారు కిందికి తోయించాను. అదీ పుస్తకంలో చదివిందే. మస్తాన్ చెయ్యి ఇంకా లోపల ఉండగానే పెచ్చు పగిలి, జాకీ నిలువునా కుంగింది. కారు వచ్చి స్టెప్నీ మీద కూర్చుంది. అతను చెయ్యి లాక్కుని, అయిదు వేళ్ళూ ఆడించి చూసుకున్నాడు.

"నీ పుస్తకం నన్ను చంపబోయి, మళ్ళీ అదే బతికించింది సామీ!"

పోలమ్మ కయ్యల్లోకి నడిచి వెళ్ళి, ఉప్పు చదును చేసే వెడల్పాటి చెక్క అడిగి తెచ్చింది. బురదలోంచి జాకీని తవ్వి తీసి, ఆ చెక్క మీద నిలబెట్టేసరికి అరగంట పోయింది.

ట్యూబును బయటికి తీసి, పంపుతో గాలి కొట్టి, పక్క కాలవలో ముంచితే ఒకచోట బుడగలు లేచాయి. మస్తాన్ టైరు లోపల గుడ్డతో తడిమి, విరిగిన తుమ్మముల్లు పీకేశాడు. ట్యూబును తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి కూర్చున్నాడు.

"అతికించరాదా?" అంది పోలమ్మ, నీడలు చూసుకుంటూ.

"తడి మీద అతికిస్తే దారిలో ఊడిపోతాదక్కా. ఆరనీ."

అతికించి, గాలి కొట్టి, చక్రం బిగించి బయల్దేరేసరికి నాలుగున్నర దాటింది.

స్టేషను చేరినప్పుడు అయిదుంబావు. రైలు కదులుతోంది. పోలమ్మ మూట పైకెత్తి పట్టుకుని పరుగెత్తింది. ఖాకీ చొక్కాల కిటికీలు ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. ఏ కిటికీలోంచో "అమ్మా" అని కేక వినిపించింది.

"కనబడినాడా అక్కా?"

"ఆ పరుగులో నాకు కళ్ళు యాడ ఆనతాయి? వాడు నన్ను చూసినాడు. పోనీలే."

మూట చంకన పెట్టుకుని కారెక్కింది. మస్తాన్ ఆమెను బాడుగ అడక్కుండా తిరిగి మైపాడు తీసుకెళ్ళాడు. నేను ట్రంకురోడ్డు వెంట ఇంటికి నడిచాను. ఆ దారిన వెళ్ళేవాళ్ళు చక్రం విప్పే ముందు, రోజూ ఆ నేలను తొక్కేవాళ్ళను ఒక్కమాట అడగండి. ఆ రోజు నేను అడగనక్కర్లేకుండానే ఒకామె చెప్పింది. తర్వాత ఎన్నో తీరాలు చూశాను. మైపాడు అనగానే నాకు తోచేది మాత్రం అలలు కావు, రైలు వెంట ఆమె పరుగు.