కన్ను వాలడం చూసి పక్షవాతం అనుకున్నాం

ఆ మధ్యాహ్నం మాడుగులలో మా వియ్యాలవారి ఇంటి నుంచి చోడవరం తిరిగి వస్తున్నాం. 1994, చెరకు క్రషింగు జోరుగా సాగుతున్న రోజులు. బస్సు ఎంతకీ రాలేదు. సర్వీసు జీపు ఎక్కాం. నేను ముందు డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను. నా భార్య నూకరత్నానికి లోపల చోటు లేక వెనక మెట్టు మీద నిలబడి, కుడి చేత్తో పైనున్న ఇనుప కమ్మీ పట్టుకుంది. ఎదురుగా చెరకు బండ్లు రావడంతో జీపు రోడ్డు దిగి గోతిలో పడింది. ఆమె కాళ్లు జారిపోయాయి, చెయ్యి మాత్రం కమ్మీని వదలలేదు. ఒంటి బరువంతా ఆ చేతి మీద వేలాడి, కొంత దూరం ఈడ్చుకుపోయి, చివరికి కుడి భుజం మీద పడింది.

రక్తం లేదు. మోకాలి మీద చిన్న గీత, అంతే. "అదృష్టవంతురాలివమ్మా, ఎక్కడా ఇరగలేదు" అన్నారు చుట్టూ చేరినవాళ్లు. రత్నం ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. అది ఒళ్లోంచి జారిపోయింది. మళ్లీ ఎత్తి పెట్టుకుంది.

"ఏటండీ ఇది, నెగట్లేదు. మండిపోతంది కూడాను."

చోడవరంలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, "బోన్స్ అన్నీ నార్మల్. వాపు తగ్గితే చెయ్యి అదే వస్తుంది" అన్నాడు. మెడకు పట్టీ వేసి చెయ్యి అందులో పెట్టాడు. రత్నం ఆయన్ని ఒకటే అడిగింది. "బాబూ, అన్నం కలుపుకోడానికి వస్తే చాలు. మిగతా పనులు ఈయన చేత చేయించుకుంటాను." ఆయన నవ్వి, వస్తుందమ్మా అన్నాడు.

మర్నాటికి కుడి కంటి రెప్ప సగం వాలిపోయింది.

నేను ఇరిగేషన్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషిని. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తాను. ఆ రోజు కూడా "కుడి రెప్ప వాలింది, నొప్పి లేదు" అని రాసుకున్నాను. దాని అర్థం నాకు తెలియలేదు. తెలుసునన్నది మా అక్క పైడమ్మ. బుచ్చయ్యపేట నుంచి చూడడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి తేల్చేసింది.

"చెయ్యి పడింది, కన్ను వాలింది. ఇంకేటి కావాల్రా తమ్ముడూ? ఇది పచ్చవాతం."

"జీపులోంచి పడితే వచ్చిందక్కా."

"పడితే రాలేదురా. అదొచ్చే పడింది. మెట్టు మీద నిలబడ్డ ఆడదానికి ఊరికే కాళ్లు జారిపోతాయా?"

 ఎక్స్‌రే బాగుంది, ఎముక బాగుంది, ముఖంలో తేడా కనిపిస్తోంది. మా వైపు ఎవరికి చెప్పినా ఇదే మాట అనేవారు. రత్నం కూడా నమ్మింది. పక్షవాతం అయితే తగ్గినవాళ్లను తను చూసింది కదా.

రావికమతం వైపు పల్లెలో పక్షవాతానికి పేరున్న మనిషి ఒకాయన ఉన్నాడు. అక్కే వెళ్లి పిలుచుకొచ్చింది. ఆయన వైద్యం పావురాలతో. పావురాన్ని కోసి, ఆ వెచ్చటి రక్తం భుజం నుంచి వేళ్ల దాకా పట్టించి మర్దనా చేసేవాడు. నరం బిగుసుకుపోయిందని చెయ్యి పట్టి లాగేవాడు. లాగినప్పుడల్లా రత్నం పళ్లు బిగించి గోడ వైపు తిరిగేది. ఆయన వెళ్లాక ఎండిన రక్తాన్ని నేను తడిగుడ్డతో తుడిచేవాణ్ణి. ఎంత తుడిచినా వాసన పోయేది కాదు.

"నా చేతి కోసరం ఎన్ని పావురాలు చచ్చాయో" అందొకరోజు. "వాటికైనా రెండు రెక్కలూ ఆడేవి."

నెలలు గడిచాయి. చెయ్యి కదల్లేదు. భుజం కండ కరిగి ఎముక పైకి తేలింది. అప్పుడాయన ఇసుక కాపడం పెట్టమన్నాడు. అక్క మూకుడులో ఇసుక వేయించి గుడ్డలో మూటగట్టి రత్నం అరచేతిలో, మణికట్టు మీద అద్దసాగింది.

"తెలుస్తందా?"

"ఏటీ తెలీట్లేదొదినా. ఇంకా వేడి సెయ్యి."

అక్క మళ్లీ వేయించింది. మళ్లీ అడిగింది. రత్నం మళ్లీ లేదంది. ముగ్గురం ఆ చేతికి వేడి ఎప్పుడు తెలుస్తుందా అని చూస్తూ కూర్చున్నాం. తెలిస్తే నరం లేచినట్టేనని ఆయన చెప్పి వెళ్లాడు. నాకు ముందు వాసన తగిలింది. గుడ్డ తీస్తే అరచేతి తోలు గుడ్డతో పాటే వచ్చింది. రత్నం మా ముఖాలు చూసి, "ఏటైంది, వచ్చిందా?" అని అడిగింది.

వారానికి పుండు చీము పట్టింది. అప్పుడు విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. వెళ్లింది కాలిన చేతికి. డ్రెస్సింగు జరుగుతుండగా పెద్ద సర్జన్ పిల్ల డాక్టర్లను వెంటబెట్టుకుని వచ్చాడు. పుండు చూడలేదు. రత్నం గడ్డం పట్టి ముఖం పైకెత్తి, కంట్లో టార్చి వేశాడు.

"చూడండి, రెప్ప వాలింది. ప్యూపిల్ చిన్నదైంది. హార్నర్స్ సిండ్రోమ్. అంటే టీ‌వన్ పోయింది. ఈ చేతిలో వేళ్లు ఇక రావు."

రత్నానికి ఆ ఇంగ్లీషులో ఒక్క ముక్కా తెలియదు. చివరి మాట ఆయన తెలుగులో అన్నాడు.

"బాబూ, చెయ్యికని వస్తే కన్ను చూస్తన్నారేటి?" అని అడిగింది.

ఆయన ఆమెకు కాక నాకు చెప్పాడు. ఎక్స్‌రే కవరు వెనక గీసి చూపించాడు. మెడ దగ్గర వెన్నుపాములోంచి ఐదు నరాలు బయటికి వస్తాయి. వాటిని రూట్స్ అంటారు. ఐదూ కలిసి మూడవుతాయి, మూడూ చీలి ఆరవుతాయి, మళ్లీ కలిసి మూడవుతాయి. వాటి నుంచి ఐదు పెద్ద నరాలు చేతిలోకి దిగుతాయి. ఒకటి భుజం ఎత్తుతుంది, ఒకటి మోచెయ్యి మడుస్తుంది, ఒకటి మణికట్టు పైకి లేపుతుంది, మిగతా రెండూ వేళ్లను నడుపుతాయి. మొత్తాన్ని బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. అన్నిటికంటే కిందిది టీవన్. ఆ రూట్‌తో పాటే కంటి రెప్పకు పోయే సన్నటి నరం కూడా బయలుదేరుతుంది. అందుకని ఆ రూట్ పోయిన సంగతి కన్ను చెబుతుంది.

జీవితమంతా కాలవలూ పిల్లకాలవలూ గీసిన నాకు ఆ బొమ్మ ఒక్కసారి చూస్తే అర్థమైంది. "కాలవ తెగితే గండి పూడుస్తాం కదండీ" అన్నాను.

"గండి పడితే పూడ్చవచ్చు. ఇక్కడ తూమే గట్టులోంచి ఊడి వచ్చేసింది. రూట్ ఎవల్షన్."

వెన్నులోకి మందు ఎక్కించి మైలోగ్రామ్ తీశారు. నర్వ్ కండక్షన్ టెస్టు చేశారు. కింది మూడు రూట్లూ ఊడిపోయాయి. పై రెండూ ఊడలేదు, కాస్త దిగువన తెగాయి. వాటికి కాలి నుంచి నరం తీసి అతకవచ్చని, మద్రాసులో చేస్తున్నారని, పని జరిగితే మోచెయ్యి మడుచుకుంటుందని చెప్పాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఎప్పుడు వెళ్లమంటారు?"

"ఇంత చీము ఉండగా ఎవరూ ముట్టుకోరు. ఇది మానాలి. ఆరు నెలల్లోపు చేస్తేనే ప్రయోజనం. మీరు ఇప్పటికే ఐదు పోగొట్టారు."

పుండు మానలేదు. తొడ నుంచి తోలు తీసి అరచేతికి వేశారు. అది కుళ్లింది. మళ్లీ వేశారు. అది పట్టేసరికి వానాకాలం నడిమికి వచ్చింది. మళ్లీ మద్రాసు మాట ఎత్తితే సర్జన్ తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు నరం అతికినా అవతల కండ చచ్చిపోయి ఉంటుంది. బరువుగా ఉందనుకుంటే చెయ్యి తీసేద్దాం. చాలామంది తీయించుకుంటారు." మంచం పక్కనే నిలబడి అన్నాడు. రత్నం విన్నది.

చచ్చిన చెయ్యికి నొప్పి ఉండదని నేను అనుకునేవాణ్ణి. నొప్పి ఆ చేతిలోనే ఉండేది. "గుప్పిట బిగుసుకుపోయింది. గోళ్లు దిగబడిపోతన్నాయి. తెరవండి" అని ఏడ్చేది. చెయ్యి దుప్పటి మీద తెరుచుకునే ఉండేది. నేను వేళ్లు ఒక్కొక్కటీ సాపు చేసేవాణ్ణి. "అది కాదండీ. లోపలిది." కార్బమాజెపైన్, ఎమిట్రిప్టిలిన్ ఇచ్చారు. నోరు ఎండిపోయి మత్తు వచ్చేది, గుప్పిట మాత్రం విడేది కాదు.

తిండి దగ్గర ఇంకో కష్టం మొదలైంది. రత్నం ఎడమ చేత్తో తిననంది. కడుక్కునే చేత్తో అన్నం ముట్టుకోనని పట్టుబట్టింది. చెంచా ఇస్తే విసిరేసింది. నేను తినిపిస్తే నాలుగు ముద్దలు మింగి, చాలు అనేది. నా చేత తినిపించుకోవడం ఆమెకు సిగ్గు. అది గాక, అక్క ఇంట్లో పేరంటానికి వెళ్లినప్పుడు, అలవాటు కొద్దీ పక్కనున్న ఆవిడకు బొట్టు పెట్టబోతే ఎడమ చెయ్యి ముందుకు వెళ్లింది. ఆవిడ ముఖం వెనక్కి తీసుకుంది. "నువ్వు కూకో రత్నం, ఎవరో ఒకరు పెడతార్లే" అంది అక్క. ఆ రోజు నుంచి నేను తినిపించినా నోరు తెరవడం తగ్గించేసింది. జాకెట్లు వదులైపోయాయి. పెద్దాసుపత్రి ఫిజియోథెరపీ గదిలో డాక్టరు చెయ్యి ఎత్తి దించుతుంటే కళ్లు తిరిగి పడిపోయింది. ఆ డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "చేతి వల్ల చావదు. ఇలా తింటే చస్తుంది" అన్నాడు.

ఆ గదిలోనే అనకాపల్లి నుంచి జమీలా అనే అమ్మాయి వచ్చేది. చెరకు గానుగలో పడి కుడి చెయ్యి మోచేతి పై దాకా పోయింది. పడిపోయిన రత్నానికి నీళ్లు తాగించింది ఆమే. సంగతి విని మొహమాటం లేకుండా మాట్లాడింది.

"ఎడం చేత్తో తినకూడదని మా వాళ్లల్లో మీకంటే గట్టిగా చెప్తారు పిన్నీ. నేను తింటన్నాను. తినకపోతే నా పిల్లల్ని నువ్వు పెంచుతావేటి?"

"నీకైతే దారి నేదు. చెయ్యే నేదు."

"నీకుండి ఏటి చేస్తంది? గాజులేసుకోడానికుంది."

అన్ని నెలల తర్వాత రత్నం నవ్వడం అప్పుడే చూశాను. "మరి కడుక్కోడం?" అని గొంతు తగ్గించి అడిగింది.

"సబ్బు పుట్టలేదా మీ చోడవరంలో? ముందు కడుక్కుంటాను, తర్వాత తింటాను. రెండూ ఒకేసారి చెయ్యను."

ఇంటికి వచ్చాక వంటింటి తలుపు వేసుకుని, గోడ వైపు తిరిగి, ఎడమ చేత్తో తింది. నన్ను రావద్దంది. కంచం బయటికి వచ్చాక చూశాను, ఖాళీగా ఉంది.

ఇది జరిగి నాలుగేళ్లయింది. ఇప్పటికీ తలుపు వేసుకునే తింటుంది. చెయ్యి తీయించుకోలేదు. చీర కొంగులో కట్టుకుని తిరుగుతుంది. గుప్పిట నొప్పి రాత్రీ పగలూ ఉంది, మందులతో కొంత తగ్గింది. ఎడమ చేత్తో కూరలు తరుగుతుంది, వడ్డిస్తుంది. మొన్న అక్క వచ్చింది. రత్నం ఎడమ చేత్తో అన్నం పెడితే అక్క కంచం వైపు చూస్తూ కూర్చుంది.

"తినొదినా" అంది రత్నం. "కుడి చేత్తో పెట్టిందే కావాలంటే, నువ్వు కాల్చింది కొంగులో ఉంది. తీసి నీ కంచంలో పెట్టనా?"

అక్క తల దించుకుని తింది. మజ్జిగ కూడా పోయించుకుంది. రత్నం దగ్గరే నిలబడి చివరి ముద్ద దాకా చూసింది. 

చదివేవారికి ఒక్కటే చెబుతాను. పడిపోయో, లాగబడో ఎవరికైనా చెయ్యి చచ్చుబడి, అదే వైపు కంటి రెప్ప వాలితే, ఎక్స్‌రే బాగుందన్న మాటతో ఆగకండి. ఇంట్లో పెద్దవాళ్లు ఏ పేరు పెట్టినా వినకండి. ఆ వారంలోనే నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన చూసే లోపల ఆ చేతిని ఎవరినీ లాగనివ్వకండి, వేడిది ఏదీ తగలనివ్వకండి. కాలుతోందని ఆ మనిషి మీకు చెప్పదు.