నామ్ అనే మాట

మేం లంబాడీలం, అమ్మను యాడి అంటాం. మా యాడి పేరు ద్వాలి. అడవిలో కట్టెలు కొట్టి, మోపు నెత్తిన పెట్టుకుని, కొత్తగూడెం గని కార్మికుల క్వార్టర్లలో ఇంటింటికీ తిరిగి అమ్మి నన్ను చదివించింది. ఆ చదువుతో నేను టీచర్నయ్యాను. అయ్యాక వెలగబెట్టిన ఘనకార్యం ఇది.

1987లో కొత్తగూడెంలో టీచర్లకు వారం రోజుల శిక్షణ. భాష మీద ఒక పాఠం నాకు అప్పగించారు. పుస్తకాలు తిరగేసి 'పేరు' అనే మాట పట్టుకున్నాను. లాటిన్‌లో అది నోమెన్. దాని కడుపున పుట్టినవే ఇటాలియన్ నోమె, ఫ్రెంచి నోం. తల్లి నపుంసకలింగం, పిల్లలు మాత్రం పుంలింగమై కూర్చున్నాయి. జర్మన్ నామె, ఇంగ్లీషు నేమ్ వాటికి దాయాదులు. సంస్కృతం నామ కూడా ఆ వంశానిదే. బోర్డు నిండా రాసి, "హిందీలో నామ్" అని చెప్పాను. మా తండాలోనూ నామ్ అనే అంటామని మాత్రం చెప్పలేదు. లచ్చిరాం అనే పేరును ఎల్. రామ్ చేసుకుని తిరుగుతున్నవాణ్ణి, ఎలా చెబుతాను?

అంతలో గుమ్మంలో మా యాడి. నాలుగు నెలలుగా నేను ఇంటికి పోలేదు, వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ వెతుక్కుంటూ వచ్చింది. చాలా రోజులకు సొంతవాళ్లు కలిస్తే మా ఆడవాళ్లు మెడ పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. అది మా పలకరింపు. అద్దాల రవిక, చేతుల నిండా గాజులు. నలభై మంది ముందు నా మెడ పట్టుకుని మొదలుపెట్టింది.

"ఎవలు సార్ ఈమె? ఎవలన్న చచ్చిపోయిండ్రా ఏంది?" అన్నాడు ముందు వరసలోని జంపయ్య సారు.

నేను ఆ చేతులు విడిపించుకుని, "ఎవరో సార్, నాకు తెల్వదు" అన్నాను. అప్పుడే నా నోరు పడిపోయినా బాగుండేది.

యాడి ఏడుపు ఆపింది. నా మొహం చూసింది. ముసుగు కొసతో కళ్లు తుడుచుకుని, జంపయ్య సారు వైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో, "తప్పైంది సారూ. మా పిల్లగాడనుకున్న. కండ్లు సరిగ కనవడుతలేవు" అంది. వెళ్లిపోయింది. నేను పాఠం పూర్తి చేశాను. అందరూ చప్పట్లు కొడితే సిగ్గులేకుండా నమస్కారం కూడా పెట్టాను.

ఆదివారం తండాకు పోయి కాళ్ల మీద పడ్డాను. తిట్టలేదు. మంచం వాల్చి, నీళ్లిచ్చి, "కూసో సారూ, జల్దీ బువ్వ వండుత" అంది, తెలుగులో. మా భాషలో నేనెంత బతిమాలినా, ఆ తర్వాత బతికిన ఆరేళ్లూ నాతో తెలుగే మాట్లాడింది.