బస్సు ఆగే స్టేడియం

తిప్పమ్మకు తెలిసిన ఇంగ్లీషు మాటలు తక్కువే. వాటిలో ఆమెకు బాగా నచ్చిన మాట స్టేడియం. ఆ మాటకు బస్సు ఆగే చోటు అని అర్థమని ఆమె నమ్మకం. కాదని చెబితే ఆమె కొట్లాటకు వచ్చే రకం కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఆ మాట వాళ్ల ఊరికి వచ్చింది తొంభై ఆరులో. ముదిగుబ్బ నుంచి ధర్మవరం పోయే దారి పక్కన గుట్టకిందపల్లె బీడులో రాష్ట్రస్థాయి కబడ్డీ పోటీలు జరిగాయి. సర్వి కొయ్యలతో గ్యాలరీ కట్టారు, షామియానాలు వేశారు, రంగురంగుల లైట్లు పెట్టారు. వచ్చేపోయే జనం కోసం రోడ్డు మీద కొత్తగా ఒక బస్సు స్టాపు పెట్టి, స్టేడియం అని బోర్డు రాయించారు. నాయకులు వేదికెక్కి పక్కా స్టేడియం కట్టిస్తామని మాట ఇచ్చారు. వాళ్ల మెడలకు దండలు అందించే పనిలో పడి తిప్పమ్మ ఒక్క ఆట కూడా చూడలేదు. పోటీలు ముగిసిన మర్నాడే కొయ్యలు, గుడ్డలు, లైట్లు లారీ ఎక్కి వెళ్లిపోయాయి. స్టాపు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు గనుక అది మిగిలిపోయింది.

ఆ పోటీల వల్ల ఊరికి ఏం ఒరిగిందంటే తలా ఒక మాట చెబుతారు. తిప్పమ్మ భర్త గంగప్పనడిగితే గుంజలు పాతిన గుంతలు మిగిలాయంటాడు. ఆయన గొర్రెలు వాటిలో కాళ్లు పెట్టి కుంటుతాయి మరి. పక్కింటి సరోజమ్మకు ఊరి పేరు పేపర్లో పడింది, అదే చాలట. తిప్పమ్మకు మాత్రం వాదనే లేదు. అంతకుముందు ఆమె పూల బుట్ట నెత్తిన పెట్టుకుని ముదిగుబ్బ దాకా నడిచి బస్సెక్కేది. ధర్మవరం చేరేసరికి మల్లెలు కమిలిపోయేవి, కొనేవాళ్లు మూతి తిప్పుకునేవాళ్లు. ఇప్పుడు తోట గట్టు దిగితే బస్సు. పూలు తాజాగా ఉంటాయి, మనిషీ తాజాగా ఉంటుంది.

ఒకసారి చెల్లెలు వెంకటక్కను చూడటానికి హిందూపురం వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు "స్టేడియంకాడ దించు నాయనా" అని ఆటో ఎక్కింది. అతను ఆమెను తిన్నగా ఆటల మైదానం దగ్గర దించేశాడు. కాలేజీ కుర్రాళ్లు క్రికెట్ ఆడుతుంటే గోడ నీడన కూర్చుని పొద్దు వాలేదాకా బస్సు కోసం ఎదురు చూసింది. ఇంటికొచ్చి మొగుడితో ఒకటే మాట అంది.

"హిందూపురం స్టేడియం వట్టి బడాయప్పా. ఇంత పొడుగుండాది, ఒక్క బస్సూ రాదు. మనదే నయం."

ఇలా హాయిగా సాగుతుండగా, పోటీలు జరిగిన ఏడెనిమిదేళ్లకు, బస్సుల డిపో నుంచి తిమ్మరాజు అనే అధికారి పొద్దుటి బస్సులోనే వచ్చి దిగాడు. తిప్పమ్మ బుట్టతో, సరోజమ్మ, మరికొందరు ఆడవాళ్లు ధర్మవరం మగ్గాల పనికి పోవడానికి అన్నం క్యారియర్లతో నిలబడి ఉన్నారు.

"ఇక్కడ స్టేడియం ఎక్కడమ్మా?" అన్నాడాయన.

"నువ్వు నిలబడిండేది స్టేడియంలోనే కదప్పా," అంది తిప్పమ్మ.

తిమ్మరాజు కాళ్ల కిందికి చూసుకున్నాడు. "ఇది రోడ్డు."

"రోడ్డు మీద కాక చేన్లో పెడతారా స్టేడియం?"

ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. స్టేడియమంటే ఆటలాడే చోటు. కొందరు ఆడతారు, కొందరు కూర్చుని చూస్తారు. ఇక్కడ అలాంటిదేమీ లేదు కాబట్టి స్టాపు ఎత్తేయమని పైకి రాయబోతున్నాడు.

మళ్లీ ముదిగుబ్బ దాకా నడకేనా అనుకుంది తిప్పమ్మ. ఇన్నేళ్లుగా ఊరూరా తిరిగి తప్పు మాట వాడినందుకు సిగ్గు కూడా వేసింది. సిగ్గు తర్వాత పడొచ్చు, ముందు స్టాపు సంగతి చూడాలి.

"ఆడేవాళ్లు, చూసేవాళ్లు ఉంటే సాలా సారూ?"

"చాలు," అన్నాడాయన, మాట తెంచుకోవడానికి.

అంతే. తిప్పమ్మ బుట్ట దించి, చీర ఎగదోపి, పుల్ల తీసుకుని బీడులో బారుగా ఒక గీత గీసింది. "సరోజమ్మా, రాయే. చెడుగుడు ఆడదాం."

"నా మోకాళ్ల సంగతి నీకు తెలీదా?"

"కూత పెట్టేది నోటితో కదే. రా."

నవ్వుకుంటూ, తిట్టుకుంటూ ఆడవాళ్లు రెండు జట్లయ్యారు. డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. బస్సులో జనం దిగి గట్టు మీద వరసగా కూర్చున్నారు. సరోజమ్మ "చెడుగుడు చెడుగుడు" అంటూ గీత దాటి, సగంలో తనకే నవ్వొచ్చి కూలబడింది. పట్టుకోబోయినవాళ్లు ఆమె మీద పడ్డారు. గట్టు మీదివాళ్లు ఈలలు వేశారు. తిప్పమ్మకు ఒళ్లు తేలిపోయింది. పెళ్లికి ముందెప్పుడో ఆడిన ఆట, కాళ్లు మరిచిపోలేదు.

బస్సు లేటవుతోందని తిమ్మరాజు కంగారు పడ్డాడు. "ఆపండమ్మా, ఆపండి ఆపండి ఆపండి" అంటూ చేతులు చాచి గీత దాటి వచ్చాడు. ఊపిరి తీసుకోకుండా ఒకే మాట అంటూ వచ్చేవాడిని ఏం చేయాలో చెడుగుడు తెలిసిన ఎవరికైనా తెలుసు. తిప్పమ్మ చటుక్కున వంగి ఆయన మడమ దొరకబుచ్చుకుంది. మిగతావాళ్లు నడుము పట్టారు. ఆయన దుమ్ములో బోర్లా పడ్డాడు.

మొదట నవ్వింది తిమ్మరాజే. పడుకునే, వీపు ఎగిరెగిరి పడేలా నవ్వాడు.

"సారూ, మా స్టాపు?" అంది తిప్పమ్మ రొప్పుతూ.

"ఉంటుంది లేమ్మా. ముందు నా కాలు వదులు."

తిప్పమ్మ వదల్లేదు.

"గట్టు మీదోళ్లకు ఇనపళ్లేదు. ఇంగోసారి చెప్పప్పా."