లేని మంటను చూసిన కన్ను

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు కోయిలకుంట్లలో మా అవ్వ ఫలానా చింతచెట్టు దగ్గరికి పోవద్దంటే, పనిగట్టుకుని ఆ చెట్టు కిందే కూర్చుని సద్ది తిని వచ్చేవాణ్ని. పెద్దయ్యాక దొరికిన పని కూడా అలాంటిదే. బాయిలర్లకు గ్యాస్ బర్నర్లు తయారు చేస్తాను. నిప్పు, గాలి, గ్యాసు, ఈ మూడూ లెక్క ప్రకారమే నడుస్తాయి. నడవలేదంటే మన లెక్క తప్పిందని అర్థం.

ఇప్పటికీ ఆ మాటే అంటాను. కానీ మైదుకూరు దగ్గర ఒక షెడ్డులో మూడు రోజుల పాటు జరిగినదానికి మాత్రం నా దగ్గర లెక్క లేదు.

మైదుకూరు చుట్టుపక్కల పసుపు బాగా పండిస్తారు. తవ్విన కొమ్ములను ఉడకబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు. అక్కడ ఒక షావుకారు ఆవిరితో పసుపు ఉడికించే షెడ్డు పెట్టాడు. కట్టెలు దొరకడం కష్టమై, బాయిలర్‌ను గ్యాసుకు మార్చమని ఓర్వకల్లులోని నా వర్క్‌షాపుకు వచ్చాడు. నేను బర్నర్ చేసి బిగించాను. దాన్ని నడిపే మనిషి పేరు యోహాను. ముప్పై ఏళ్లుంటాయి. పసుపు పట్టి గోళ్లు కూడా పచ్చబడిపోయిన మనిషి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. బర్నర్‌కు మంటను కనిపెట్టి ఉండే పరికరం ఒకటి ఉంటుంది. మేం దాన్ని కన్ను అంటాం. బొటనవేలంత ఉంటుంది, ముందు గాజు, వెనక తీగ. ఎండ, బల్బు దానికి పట్టవు, మంట ఒక్కటే కనబడుతుంది. మంట ఆరిందంటే వెంటనే గ్యాసు ఆపేస్తుంది. ఇంకో పని కూడా చేస్తుంది. వెలిగించకముందే లోపల మంట కనబడిందంటే, ఏదో తేడా ఉందని అసలు మొదలే కానివ్వదు.

ఆ కన్ను పనిచేస్తోందో లేదో చూడటానికి దాన్ని గొట్టంలోంచి బయటికి తీసి, ముందు సిగరెట్ లైటర్ వెలిగిస్తాం. ఈ పని చేసేవాళ్లందరిదీ అదే పద్ధతి. నాకు సిగరెట్ అలవాటు లేదు, దీనికోసమే సంచిలో ఒక నీలం లైటర్ ఉండేది. యోహాను పక్కన నిలబడి ఉండగానే అలా చేసి చూశాను. ప్యానెల్ మీద ‘మంట ఉంది’ అనే ఎర్రదీపం వెలిగింది.

“ఇంతేనా సార్ దీని తెలివి?” అని యోహాను పక్కున నవ్వాడు. నేనూ నవ్వాను. వచ్చేటప్పుడు ఆ లైటర్ అక్కడే మరచిపోయాను.

నా మొదటి బర్నర్‌లో లోపం ఉంది. గ్యాసు నిండుగా ఇస్తే మంట బాగానే ఉండేది. తగ్గిస్తే మాత్రం బర్నర్ మూతిని వదిలి పైకి లేచి, రెపరెపలాడి ఆరిపోయేది. కన్ను గ్యాసు ఆపేసేది. మళ్లీ వెలిగించాలంటే ఫ్యాను కొన్ని నిమిషాలు తిరిగి, లోపలి గాలినంతా పొగగొట్టంలోకి నెట్టాలి. ఈలోగా తొట్టిలో పసుపు సగం ఉడికి ఆగిపోతుంది. బయట బండ్లతో కాచుకుని ఉన్న రైతులు గొడవ పడతారు.

ఇదంతా నాకు తెలుసు. సీజన్ అయిపోయాక సరిచేద్దాంలే అనుకున్నాను. యోహాను మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి అతని గొంతు మారింది. “సార్, మంట నిలబడ్లేదు. రైతులు నా మింద పడతాండారు. ఒక్కసారి రాండి సార్.” ఎల్లుండి వస్తానన్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం పొయ్యి పేలింది. తలుపు ఊడి యోహాను మీద పడింది. కర్నూలు ఆసుపత్రిలో మూడు రోజులుండి చనిపోయాడు.

నేను వెళ్లి చూశాను. కన్ను దాని గొట్టంలో లేదు. తీగకు వేలాడుతూ బయట ఉంది. ఏం జరిగిందో చూడగానే అర్థమైంది. మంట ఆరినప్పుడల్లా గ్యాసు ఆగకుండా యోహాను కన్నును బయటికి తీసి, దాని ముందు లైటర్ పట్టుకున్నాడు. మంట ఉందనే కన్ను చెబుతూ వచ్చింది. లోపల మంట ఆరింది, గ్యాసు నిండింది, పొయ్యి లోపల ఎర్రగా కాలి ఉన్న ఇటుకల వేడికి అంటుకుంది. ఆ విద్య అతనికి నేర్పింది నేను. ఈ మాట చాలాకాలం నా భార్యకు కూడా చెప్పలేదు.

ఆ కన్నును షావుకారు నాకే ఇచ్చేశాడు. గాజు అంచున మసి మచ్చ ఉంది. గ్యాసు మంట నీలంగా మండుతుంది, మసి పట్టదు. లైటర్ మంటను దగ్గరగా పెడితేనే అలాంటి మచ్చ పడుతుంది. కన్ను ఒంటి మీద ఒక గాడి ఉంటుంది. గాడి పైకి ఉండేలా పట్టుకుంటేనే తీగ చేతికి అడ్డం రాదు. అలా పట్టుకుని చూస్తే మచ్చ ఎడమవైపు ఉంది. అప్పట్లో దాని గురించి ఏమీ ఆలోచించలేదు. ఒక గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను.

పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లాను. తల్లి మరియమ్మ గడప మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. యోహాను పని ఇప్పుడు తన చిన్నకొడుకు దానియేలుకు ఇచ్చారని చెప్పింది. ఆ తర్వాత నా ముఖంలోకి చూసి, “ఇంకొకడే ఉండాడు నాకు. వాని ముందరన్నా నీ మంట నిలబడతాదా అప్పా?” అని అడిగింది.

ఆ ఏడాది నేను మనిషిలా లేను. వేరే పనులన్నీ వదిలేశాను. వర్క్‌షాపు వెనక రాతిగుండ్ల మధ్య ఖాళీ జాగాలో ఇటుకలతో ఒక పొయ్యి కట్టి, బర్నర్ మీద బర్నర్ చేసి కాల్చి చూశాను. గాలిని సుడి తిప్పే రేకులు పెట్టాను. గ్యాసు రంధ్రాల కోణం మార్చాను. పెద్దమంట చుట్టూ ఎప్పుడూ ఆరని చిన్నమంటల వలయం ఒకటి పెట్టాను. గ్యాసు తగ్గించడం, మంట ఎగిరిపోవడం, మళ్లీ కోయడం, మళ్లీ వెల్డింగ్. ఒక్కోసారి ఆ మంట ముందే కూలబడి, నిలబడవే తల్లీ అని బతిమాలుకునేవాణ్ని. ఎవరైనా చూసి ఉంటే నాకే దయ్యం పట్టిందనుకునేవాళ్లు.

చివరికి నిలబడింది. గ్యాసు నాలుగో వంతుకు తగ్గించినా బర్నర్ మూతికి అతుక్కుని మండింది. ఈసారి కన్నును ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను. యోహాను చేసినట్టు ఇంకెవరూ చేయడానికి వీల్లేదు.

సీజన్ మొదట్లో కొత్త బర్నర్ బిగించాం. మొదటిసారి వెలిగించే రోజు మరియమ్మ కూడా వచ్చి, షెడ్డు వాకిట్లో పసుపు గోతాం మీద కూర్చుంది. దానియేలు ప్యానెల్ దగ్గర నిలబడి, “నొక్కేదా సార్?” అన్నాడు. నొక్కమన్నాను.

ఫ్యాను కూడా తిరగలేదు. ఎర్రదీపం వెలిగింది. ‘మంట ఉంది.’

చూసే రంధ్రంలోంచి లోపలికి చూశాను. చీకటి. ఏడాదిగా నిప్పు అంటని పొయ్యి అది. కన్ను చెడిపోయిందనుకుని కొత్తది వేశాను. అదే దీపం. తీగ మార్చాను. అదే. మరునాడు కర్నూలు నుంచి కొత్త ప్యానెల్ తెప్పించి పెట్టాను. మళ్లీ అదే. మూడో రోజుకు డబ్బా తెరవని మూడో కన్ను బిగించాను. దానికీ ఆ చీకట్లో మంట కనబడింది.

బయట పచ్చిపసుపు కుప్పలు మొలకలెత్తడం మొదలైంది. రైతులు షావుకారును, షావుకారు నన్ను, ఎవరి నోటికొచ్చినట్టు వాళ్లు తిట్టారు. “నీతో కాకపోతే చెప్పప్పా, కట్టెలే తెచ్చుకుంటాం” అన్నాడు షావుకారు. కట్టెలంటే ఆ పాత పొయ్యికి మళ్లీ దానియేలే నిప్పు పెట్టాలి. నా బర్నర్ అక్కడితో తుక్కు. మరియమ్మ మూడు రోజులూ వచ్చింది. అదే గోతాం మీద కూర్చుంది. ఆమె కూర్చున్న వైపు చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

మూడో రోజు మధ్యాహ్నం నేను చేయకూడని పని చేయబోయాను. కన్నును గుప్పిట్లో మూసేస్తే దానికేమీ కనబడదు. దీపం ఆరుతుంది, ఫ్యాను మొదలవుతుంది. వెలిగించే సమయానికి మళ్లీ గొట్టంలో పెట్టేయవచ్చు. యోహాను మంట లేనప్పుడు ఉందని చెప్పించాడు. నేను ఉందంటున్న కన్ను చేతే లేదని చెప్పించబోతున్నాను. రెండూ ఒకటేనని తెలిసీ తాళం తీశాను. అంతకు దిగజారిపోయాను.

కన్నును బయటికి లాగి గుప్పిట మూశాను. ఎర్రదీపం ఆరింది. దానియేలు వేలు బటన్ మీద ఉంది. నొక్కమని చెప్పడానికి నోరు తెరిచాను.

అరచేయి చురుక్కుమంది. గుప్పిట విప్పి చూశాను. కన్ను వేడిగా ఉంది. గాజు అంచున మసి మచ్చ ఉంది.

అది ఆ ఉదయమే డబ్బాలోంచి నేను తీసి బిగించిన కన్ను. ఒక్క మంట కూడా చూడలేదు. దాన్ని బిగించినప్పటి నుంచి అప్పటిదాకా తాళంచెవి నా జేబులోంచి కదల్లేదు. యోహాను పోయినప్పటి నుంచి ఆ షెడ్డులోకి లైటర్ గానీ అగ్గిపెట్టె గానీ ఎవరూ తేకూడదని షావుకారు కట్టడి చేశాడు.

“నొక్కొద్దు!” అని అరిచాను. నా అరుపుకు మరియమ్మ లేచి నిలబడింది.

అప్పటికీ నా బుద్ధి దయ్యం వైపు పోలేదు. లోపల ఎక్కడో పాత మసి రాజుకుంటోందేమో అనుకున్నాను. గ్యాసు కట్టేయించి, పొగగొట్టం అడుగున ఉండే చిన్న తలుపు విప్పాను. గుప్పున గ్యాసు వాసన కొట్టింది. దానియేలును, మరియమ్మను బయటికి తరిమి, వాసన పోయేదాకా ఆగి, చెయ్యి పెట్టి తడిమాను. పొగగొట్టానికి అడ్డంగా ఉండే ఇనుప పలక మూసుకుని ఉంది.

బయట దాన్ని తిప్పే పిడి మాత్రం తెరిచినట్టే ఉంది. నిరుటి పేలుడులో పలకను పిడికి పట్టి ఉంచే మేకు విరిగిపోయింది. పిడి ఎటు తిప్పినా పలక కదలడం లేదు. నేను పిడిని చూశాను గానీ పలకను చూడలేదు. అంత తపనపడి, మంట చుట్టూ ఏడాది తిరిగి, పొగ పోయే దారి చూసుకోలేదు. దానికి తోడు గ్యాసు వాల్వులో చిన్న తుప్పు ముక్క ఇరుక్కుని, అది పూర్తిగా మూసుకోవడం లేదు. మేం ప్రయత్నించిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా గ్యాసు లోపలికి జారుతూనే ఉంది.

దానియేలు బటన్ నొక్కి ఉంటే, ఫ్యాను తిరిగినా ఆ గ్యాసు బయటికి పోయేది కాదు, దారి లేదు కాబట్టి. ఆ తర్వాత నిప్పురవ్వ పడేది. పొయ్యి తలుపుకు ఎదురుగా దానియేలు నిలబడి ఉన్నాడు.

పలక సరిచేశాం, వాల్వు మార్చాం. నాలుగో రోజు పొద్దున అదే కన్నును, గాజు తుడిచి, అదే గొట్టంలో పెట్టాను. దానియేలు బటన్ నొక్కాడు. ఎర్రదీపం వెలగలేదు. ఫ్యాను తిరిగింది. మంట అంటుకుంది. గ్యాసు నాలుగో వంతుకు తగ్గించాను. నిలబడింది. మరియమ్మ రంధ్రంలోంచి చాలాసేపు చూసి, “నిలబడింది లేప్పా” అంది. నేను షెడ్డు వెనక్కు పోయి ఏడ్చాను.

తెలిసినవాళ్లను అడిగాను. కరెంటు తేడా అన్నారు, దగ్గర్లో వెల్డింగ్ జరిగి ఉంటుందన్నారు. వెల్డింగ్ ఏదీ జరగలేదు. తీగలోనే తేడా ఉంటే గుప్పిట మూయగానే దీపం ఎందుకు ఆరింది? లోపల నిజంగానే మంట ఉంటే, అంత గ్యాసులో మేమెవరమూ మిగిలేవాళ్లం కాదు. మరి ఆ కన్ను దేన్ని చూసింది?

ఆ సీజన్ అయిపోయాక ఆ కన్నును మార్చి ఇంటికి తెచ్చుకున్నాను. గాజు ఎంత తుడిచినా మచ్చ గుర్తు పూర్తిగా పోలేదు. బీరువాలోంచి యోహాను కన్ను తీసి పక్కన పెట్టాను. గాడి పైకి పెట్టి చూస్తే రెండింటికీ మచ్చ ఎడమవైపే ఉంది. వాడేసిన కన్నులు నాలుగైదు తీసుకుని లైటర్‌తో నేనే చేసి చూశాను. కుడిచేత్తో లైటర్ పట్టుకున్న ప్రతిసారీ మచ్చ కుడివైపు పడింది. ఎడమచేత్తో పట్టుకుంటేనే ఎడమవైపు పడింది. నాది కుడిచేతి వాటం. దానియేలుదీ కుడిచెయ్యే.

పోయిన నెల బర్నర్ చూడటానికి వెళ్లినప్పుడు మరియమ్మను అడిగాను, యోహాను ఏ చేత్తో పని చేసేవాడని.

“ఎడం చెయ్యప్పా. చిన్నప్పుడు అన్నం గూడా దాంతోనే తింటాంటే ఎన్ని దెబ్బలు కొట్టినానో. ఎందుకు అడుగుతాండావు?”

ఏమీ లేదమ్మా, ఊరికే అడిగానన్నాను. లోపల దానియేలు గ్యాసు తగ్గించినట్టున్నాడు, శబ్దం సన్నబడింది. ఆమె మాట ఆపి అటే చెవి పెట్టింది. మంట నిలబడే ఉందని తెలిశాక, మళ్లీ నా వైపు తిరిగింది.