బీడీ గంపలు, బాస్ డబ్బా

బోధన్ నుంచి నిజామాబాద్‌కు నేను జీపు నడిపిన రోజుల్లో ఇంజను కన్నా పాట ముఖ్యం. ఇంజను ఆగితే జనం దిగి తోసేవాళ్లు. పాట ఆగితే దిగి వెనక జీపు ఎక్కేవాళ్లు. అందుకే క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న ఆ కాలంలో, ఆ లైను మొత్తం మీద మొట్టమొదట సబ్‌వూఫర్ పెట్టించింది నేనే. ఈ సంగతి అదే లైనులో నా వెనకే నడిపే ఎర్ర జీపువాడు ఒప్పుకోడు. వాడి హారనే సంగీతమని వాడి నమ్మకం.

సబ్‌వూఫర్ అంటే చెక్క పెట్టెలో బిగించిన పెద్ద స్పీకరు. పాడేవాళ్ల గొంతులు దానికి పట్టవు. డోలు, డప్పు లాంటి అడుగు మోతలే దాని పని. మేం దాన్ని బాస్ డబ్బా అనేవాళ్లం. నిజామాబాద్‌లో కార్లకు టేపులు బిగించే దోస్తు ఒకడు దాన్ని తెచ్చి, వెనక బెంచీ కింద రేకుకు బిగించి, "ఇగ సూడు" అన్నాడు.

చూశాను. మొదటిరోజు సంగతి చెబుతాను, మీరు సగం నమ్మినా చాలు. పక్కనుంచి పోతున్న చెరకు బండిలో గడల నుంచి రసం కారింది. నిజాంసాగర్ కాలువలో మునిగి ఉన్న బర్రెలు లేచి గట్టెక్కాయి. కిడ్నీలో రాయి ఉందని ఆస్పత్రికి బయలుదేరిన ఒకాయన, జానకంపేట దాటగానే "ఆపు, ఆపు" అని దిగి తుమ్మచెట్టు చాటుకు పోయాడు. నవ్వుకుంటూ వచ్చి, ఎదురొచ్చిన జీపు ఎక్కి ఇంటికి వెళ్లిపోయాడు.

కాలేజీ పిల్లలు నా జీపు కోసం కాచుకుని కూర్చునేవాళ్లు. ఆ గర్వం నాకు వారం కూడా నిలవలేదు.

ఎడపల్లిలో పొద్దున్నే కొందరు ఆడవాళ్లు ఎక్కేవాళ్లు. ఇళ్లలో చుట్టిన బీడీలు కట్టలు కట్టి, గంపల్లో పెట్టుకుని నిజామాబాద్ కార్ఖానాలో ఇచ్చి వచ్చేవాళ్లు. వాళ్లకు పెద్ద ఒక అవ్వ. మనిషి గుప్పెడంత, గొంతు చక్కెర ఫ్యాక్టరీ సైరనంత. నా బండికి తిండి పెట్టింది నిజానికి వాళ్లే. కాలేజీకి సెలవులుంటాయి, బీడీలకు ఉండవు.

ఆ రోజు అవ్వ జీపు ఎక్కలేదు. ముందుకొచ్చి బోనెట్‌కు అడ్డంగా నిలబడింది.

"ఏం బిడ్డా, జీపు నడుపుతున్నవా, జల్లెడ పడుతున్నవా?"

"ఏమైందవ్వా?"

"ఏమైందా? గిది సూడు." గంప అడుగున పరిచే గుడ్డను నా బోనెట్ మీద దులిపింది. తంబాకు పొడి కుప్పగా రాలింది. "బీడీల ఉండాల్సినదంత గీడికొచ్చింది. నీ డబ్బా దుంకులాటకు కట్టలన్నీ లొడలొడ అయినయి. కార్ఖానల చెకర్ ఒక్కొక్క కట్ట ఒత్తి సూసుడు, పక్కకు ఇసురుడు. 'అవ్వా, బీడీలు తెచ్చినవా, ఉత్త ఆకులు తెచ్చినవా' అని అందరి ముంగట అడిగిండు. నా వయసెంత, గాని వయసెంత!"

వెనక నుంచి ఇంకొకామె అందుకుంది. "గా డబ్బా నీ పెండ్లిల మోగిచ్చుకో అన్నా, మా బీడీల మీద గాదు."

"ఎల్లుండి మల్ల కార్ఖానల మాల్ ఇయ్యాలె," అంది అవ్వ. "గాలోపల దీని సంగతి సూస్తివా, సరే. లేదంటే ఎర్ర జీపు ఉండనే ఉంది. గాని జీపుల పాట లేదు, పీకులాట లేదు."

ఆపేస్తే పోయేది కదా అని మీరు అంటారు. ఆపి చూశాను. ఎడపల్లిలో డబ్బా నోరు మూయగానే వెనక నుంచి ఒక పిల్లవాడు, "అన్నా, జీపు సచ్చిపోయిందా?" అన్నాడు. ఇంకొకడు సీటు మీద చెయ్యి పెట్టి నాడి చూసి, "పాణముందిరా, జర నీళ్లు తాపుండ్రి" అన్నాడు. నిజామాబాద్‌లో దిగేటప్పుడు రేపటి నుంచి బస్సుకు పోతామని చెప్పి మరీ పోయారు. వాళ్లు పోతే సగం జీపు ఖాళీ. అవ్వ మంద పోతే జీపే ఖాళీ.

మర్నాడు మధ్యాహ్నం దోస్తును ఎక్కించుకుని ఎడపల్లి వచ్చి, అవ్వ ఇంటి ముందే జీపు ఆపాను.

"దిక్కు మారిస్తే అయిపోతది," అన్నాడు వాడు. డబ్బా నోరు ముందుకు తిప్పాడు. నా వెన్నుపూసలన్నీ ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. డ్రైవరు సీటు కిందికి మార్చాడు. గేరు తనంతట తానే న్యూట్రల్‌లోకి వచ్చింది. టాపు మీద పెడదామన్నాడు గానీ, అవ్వ ఇంటి పెంకులు చూసి నేనే వద్దన్నాను.

"మోత తక్కువ చెయ్యరాదు?" అన్నాను.

"తక్కువ చేస్తే బాస్ ఎందుకురా? రేడియో వెట్టుకో." వాడు కింద పడుకుని చెవి రేకుకు ఆనించాడు. "దెబ్బ గాలిల పోతలేదు, రేకుల పోతుంది. డబ్బా రేకు మీద కూసుంది, రేకు మీద గంపలున్నయి. తాళం జీపే వేస్తుంది."

వెనక బెంచీ కిందే, ఈసారి పాత ట్రాక్టరు ట్యూబు మడిచి, మీద గోనెసంచి పరిచి, దాని మీద డబ్బాను కూర్చోబెట్టాడు. డబ్బా ఎక్కడా రేకుకు తగలకుండా పట్టీలతో కట్టాడు. తర్వాత మోతను పెంచే ఆంప్లిఫైర్ మరను మెల్లగా తిప్పుతూ పోయాడు. ఏదో ఒక మోత దగ్గరికి రాగానే తలుపులు, అద్దాలు అన్నీ గజగజలాడేవి. ఆ మోతను కోసేసి, దానికి కిందున్న బరువైన మోతను మాత్రం ఉంచాడు.

అయిందో లేదో తెలుసుకోవడం ఎలా? మా ఇద్దరి చెవులు అప్పటికే ఊళ్లో లేవు. అవ్వ లోపలికి పోయి చాట తెచ్చింది. దాంట్లో చారెడు తంబాకు పోసి జీపు ఎక్కింది. పాట మోగుతుంటే చాటను ఒడిలో పెట్టుకుని ఒక్కొక్క సీటు మీదికి జరుగుతూ, పాటను మించి అరిచి చెప్పింది.

వెనక బెంచీ మీద: "గీడ తైతక్కలాడుతుంది!"

నడిమి సీటు మీద: "గీడ నయం. కూసొని ఆడుతుంది."

చివరికి నా పక్కన, ముందు సీటు మీద. చాటలోకి తొంగి చూసి, "గీడ పండుకున్నది," అని మెల్లగా చెప్పింది, లేస్తుందేమోనన్నట్టు.

అక్కడే చిక్కొచ్చింది. ముందు సీటు పటేల్‌ది. ఊళ్లో పసుపు పండించే పెద్ద రైతు. ఇస్త్రీ ధోవతి కట్టుకుని మార్కెట్‌కు బయలుదేరితే ఆ సీటులో తప్ప కూర్చోడు. ఆయనకు కోపమొస్తే ఆ జీపు ఇక ఊళ్లో ఆగేది కాదు.

మాల్ ఇచ్చే రోజు పొద్దున ఆయన వచ్చేసరికి ముందు సీటు నిండా గంపలు, అవ్వ పాత చీరతో కట్టేసి ఉన్నాయి.

"ఎవలియి గివి?"

"నాయే పటేలా," అంది అవ్వ వెనక నుంచి.

"నా సీట్ల వెట్టినవేంది?"

"నిన్ను ఎవడన్న ఒత్తి సూస్తడా పటేలా? వదులుగున్నవని పక్కకు ఇసిరేస్తడా? మా బీడీలను ఇసురుతడు."

జీపంతా నవ్వింది. పటేల్ నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "నువ్వు జెప్పు. సీటు నాదా, గంపదా?"

వెనక ఎర్ర జీపు హారన్ కొడుతోంది. 

"ఇయ్యాలటికి గంపది పటేలా," అన్నాను.

ఆయన ఎర్ర జీపు వైపు చూశాడు. అది టాపు దాకా నిండి ఉంది. ధోవతి కుచ్చిళ్లు పట్టుకుని వెనక్కి పోయాడు. మిగిలిన జాగా ఒక్కటే, సరిగ్గా డబ్బా మీది బెంచీ.

పాట మాత్రం పూర్తిగా పెట్టాను. పరీక్ష అంటే పరీక్షే. దారి పొడుగునా ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను గంపల మీద. అద్దంలోకి చూసే ధైర్యం లేదు, అందులో పటేల్ ఉంటాడు.

కాలేజీ పిల్లలు దిగిపోయారు. కార్ఖానా ముందు ఆడవాళ్లు గంపలెత్తుకుని లోపలికి పోయారు. నేను గేటు వైపే చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి అవ్వ బయటికి వచ్చింది. ముఖంలో ఏమీ లేదు.

"ఏమైందవ్వా?"

"ఒక్క కట్ట ఇసిరేసిండు."

ఇక డబ్బా విప్పేయాల్సిందే అనుకున్నాను.

"గది నీ డబ్బా పని గాదు," అంది. "మా కోడలి పని. దాని చెయ్యే వదులు. ఇంటికి పోయినంక దాని సంగతి జెప్త. మేం మల్ల నీ జీపుకే వస్తం. ముంగటి సీటు ఎవలకియ్యకు."

నేను ఈల వేసుకుంటూ వెనక్కి తిరిగితే, బెంచీ మీద పటేల్ ఇంకా కూర్చునే ఉన్నాడు. కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని.

"మార్కెట్ దాటొచ్చినం గద పటేలా?"

"తెలుసు," అన్నాడు కళ్లు తెరవకుండానే. "ఎన్కకు తిప్పు. పోయేటప్పుడు గా డోలు పాట మల్ల వెట్టు. నడుముకు మంచిగుంది."