కుడి ఇండికేటర్

టాన్‌టాన్ రేవు నుంచి అగాదిర్ పట్నానికి చేపలు తోలే లారీ డ్రైవర్లలో బిహి అంత మాటకారి లేడని పేరు. అది పాత పేరు. లిమిటర్ వచ్చాక ఆయన మాట్లాడిందంతా తన లారీ అద్దంతోనే.

లిమిటర్ అంటే ఇంజనుకు తగిలించి సీసపు ముద్ర వేసిన చిన్న పెట్టె. వేగం ఎనభై అయిదుకు చేరిందంటే ఇక కాలు ఎంత తొక్కినా లాభం లేదు. వెనక పది కార్లు పోగవుతాయి. హారన్లు, తిట్లు. "ఏం ముసలాయనా, లారీని నువ్వు తోలుతున్నావా, అది నిన్ను తోలుతోందా?" అని టాక్సీవాళ్లు కిటికీ దించి మరీ అడిగి పోతారు. పెట్టె సంగతి వాళ్లకు తెలియదు, తెలిసినా ఊరుకునే రకాలు కారు. బిహి పట్టించుకోడు. ఆ దేశంలో బండ్లు నడిచేది రోడ్డుకు కుడివైపున. ముందు దారి ఖాళీగా ఉంటే కుడి ఇండికేటర్ వేస్తాడు, దాటి పొమ్మని. ఎదురు బండి వస్తుంటే ఎడమది, ఆగమని. ఆ రోడ్డు మీద లారీవాళ్లందరి భాషా అదే. దాటినవాడు రెండుసార్లు హారన్ కొట్టి పోతాడు. రోజంతటికీ ఆయనకు దక్కే పలకరింపు అంతే.

ఆయనను తినేసిన సంగతి వేరే ఉంది. ఇప్పుడు లారీలన్నిటిదీ ఒకటే వేగం. రేవులో పది నిమిషాలు వెనక బయల్దేరినవాడు అగాదిర్ దాకా పది నిమిషాలు వెనకే. మునుపు తోటి డ్రైవర్ మొబారెక్, తానూ ఒకరినొకరు దాటుకుంటూ, ఒకరి కోసం ఒకరు ఆగుతూ, రోడ్డు పక్కన టీ కాచుకుంటూ పోయేవాళ్లు. ముప్పై ఏళ్లు అలాగే గడిచాయి.

లిమిటర్ వచ్చిన నెలకే మొబారెక్ ముద్ర తెంపేశాడు. "గాడిదకైనా ఒక్కోసారి పరిగెత్తాలనిపిస్తుంది కదరా" అని నవ్వేవాడు. నూట పది మీద పోతూ బిహి కళ్ల ముందే చుక్కంతై మాయమయ్యేవాడు. ఒకరోజు యజమాని, "ముద్ర ఎవడు తెంపాడో నీకు తెలుసా?" అని అడిగాడు. బిహి చెప్పేశాడు. భయపడి కాదు. తనను వదిలేసి వాడు ముందుకు పోతుంటే చూడలేక. ఆ మాట ఎవరితోనూ అనలేకపోయాడు. మొబారెక్‌ను మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టి, తర్వాత ఎవరూ ముట్టని ముసలి లారీ ఇచ్చి ఉప్పు లోడుకు తోశారు. రెండేళ్లుగా అతను బిహి ముఖం చూడలేదు, ఫోన్ ఎత్తలేదు.

ఆ గురువారం మొబారెక్‌కు ఆఖరి ట్రిప్పు. గుల్మీమ్ ఊరికి ముందు చీలే దారిలో ఉప్పు దింపి, తాళాలు అప్పజెప్పి, కొండల్లో ఉన్న సొంతూరికి పోతాడు. చేపల లారీ ఆ దారి తొక్కడానికి లేదు. విడిపోయే ముందు మన్నింపు అడగకపోతే ఆ బరువు పరలోకం దాకా వెంట వస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. ఆ చీలిక వచ్చేలోపే వాణ్ణి పట్టుకుని ఆ ఒక్క మాట అడగాలని బిహి అనుకున్నాడు. తీరా ఐసు వేయడం ఆలస్యమై, మొబారెక్ కన్నా పావుగంట వెనక బయల్దేరాడు.

ఇద్దరివీ ఎనభై అయిదులే. అయితే ఉప్పు బరువుకు ముసలి లారీ కొండ ఎక్కలేక నలభైకి పడిపోయింది. సగం ఎత్తులో బిహి దాని వెనకకు చేరాడు. తన వెనక ఎనిమిది కార్లు, వాటి గోల. ముందు లారీ అద్దంలో మొబారెక్ కళ్లు కనిపించాయి. తనను గుర్తుపట్టాడు. వెంటనే కుడి ఇండికేటర్ వెలిగింది.

ముక్కూ మొహం తెలియని టాక్సీవాడికి ఇచ్చే సైగే తనకూ ఇచ్చాడు. "సరేలే, పోతాను" అని పైకే అనేసి, బిహి ఎడమకు తిప్పి దాటేశాడు. పక్కకు కూడా చూడలేదు.

దాటాక అద్దంలో చూస్తే ముసలి లారీ అక్కడున్న కాస్త జాగాలో రోడ్డు దిగి ఆగి ఉంది. పక్కకు తీసి ఆపాలన్నా వేసేది ఆ కుడి ఇండికేటరే. మొబారెక్ కిందికి దిగి చెయ్యి ఎత్తి నిలబడి ఉన్నాడు.

ఒకవైపు కొండ, మరోవైపు లోయ, వెనక ఎనిమిది కార్లు. ఆగే చోటు దొరికేసరికి కొండ దిగువన ఆరు కిలోమీటర్లు అయింది. బిహి దిగి రోడ్డు అంచున నిలబడ్డాడు. చాలాసేపటికి మొబారెక్ లారీ వాలు మీద జోరుగా వచ్చింది, వెనక కార్ల వరుసతో. బిహి రెండు చేతులూ ఎత్తాడు. "మన్నించరా మొబారెక్" అని గొంతు చించుకున్నాడు. లారీ కిటికీ అద్దాలు మూసి ఉన్నాయి. మొబారెక్ నేరుగా ముందుకే చూస్తూ వెళ్లిపోయాడు.

వరుసలో చివరి కారువాడు ఆపి తల బయటపెట్టాడు. "ఏమైంది బాబాయ్, బండి చెడిందా?"

"బండికేం లేదు నాయనా" అన్నాడు బిహి. "వాడు ఆగమన్నాడు. నేను పొమ్మన్నాడనుకున్నాను."